ఓడలో చిక్కుకున్న ఆమేన్

ఆ రోజుల్లో ఒక మాట మనిషి నోట్లోంచి బయల్దేరి ఇంకో మనిషి చెవిలో పడాలంటే ముందు ఆకాశానికి వెళ్ళి రావలసి వచ్చేది. నా విషయంలో ఇది కవిత్వం కాదు, అక్షరాలా నిజం. నేనప్పుడు ఒక విహార నౌకలో పనిచేసేవాణ్ణి. నడి సముద్రంలో టవర్లుండవు, తీగలుండవు. మా ఇంటర్నెట్టంతా ఎక్కడో పైన తిరిగే ఉపగ్రహం దయ. ఆ దయ కూడా ముందు ప్రయాణికులకి, తర్వాత ఆఫీసర్లకి, ఆ తర్వాత వంటవాళ్ళకి చేరి, మిగిలిన నాలుగు చుక్కలు మా లాండ్రీవాళ్ళ మీద రాలేవి. ఇప్పుడు పంజగుట్ట సిగ్నల్ దగ్గర ఆటోలో కూచుని క్రికెట్ చూసే జనం, ఒక్క క్షణం బొమ్మ ఆగితే చాలు, ఫోన్ని పట్టుకుని తిట్టిపోస్తుంటే నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకాలే చిన్న దిగులు కూడా వస్తుంది. బొమ్మ ఆగిపోవడం వల్లే నాకు సంసారం ఏర్పడిందని వాళ్ళకేం తెలుసు?

నేను పంజగుట్టలో పుట్టి పెరిగినవాణ్ణి. డిగ్రీ అయ్యాక మా వీధి కుర్రాళ్ళంతా అమీర్‌పేట వెళ్ళి కంప్యూటర్ కోర్సుల్లో చేరితే, నేను అదే బిల్డింగులో ఇంకో అంతస్తు పైకెక్కి ఓడ ఉద్యోగాల కోర్సులో చేరాను (మా బావ ఇప్పటికీ 'ఆ ఒక్క అంతస్తు ఎక్కకుంటే నువ్వు ఇయ్యాల మేనేజర్‌వి అయ్యేటోనివి' అంటాడు). అక్కడ మాకు ఇంటర్వ్యూ ఇంగ్లీషు నేర్పడానికి ఒకావిడ వచ్చేది. భీమవరం వైపు అమ్మాయి, ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్లో ఉండేది. మేమంతా మేడమ్ అనేవాళ్ళం. వయసులో నాకంటే చిన్నదే గాని, తప్పు మాట్లాడితే కళ్ళజోడు పైనుంచి చూసే చూపుకి మాత్రం మా హైస్కూల్ హెడ్‌మాస్టరు కూడా సరిపోడు. అమీర్‌పేటలో అన్ని చర్చిలున్నా ఆవిడ ఆదివారం ఆరాధనకి మా పంజగుట్ట చర్చికే రావడం, మా అమ్మ పక్కనే కూచుని పాటలు పాడడం నా అదృష్టమో, దేవుడి ఏర్పాటో! క్లాసులో మేడమ్, చర్చిలో అమ్మ పక్కన మేడమ్. ఇక నా మనసుకి వేరే దారి ఎక్కడుంది?

ఓడ ఎక్కడానికి ముందు రోజు, అమీర్‌పేట చౌరస్తాలో ఆవిడ షేర్ ఆటో కోసం నిలబడి ఉంటే, ధైర్యమంతా కూడగట్టుకుని అడిగేశాను. "నాన్నగారు ఒప్పుకోవాలి కదండీ" అంది. నాన్నగారి సంగతి తర్వాత, మీకు ఇష్టమేనా అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. అప్పుడే, హైదరాబాద్‌లో ఎప్పుడూ సమయానికి రాని ఆ షేర్ ఆటో, సరిగ్గా సమయానికి వచ్చేసింది. "చెప్తానండీ" అంటూ ఎక్కేసింది. ఆ 'చెప్తానండీ'ని పట్టుకుని నేను సముద్రం మీదికి పోయాను.

మా అమ్మ మాత్రం నేను ఓడ పైన చల్లగాలికి నిలబడి టీ తాగుతుంటానని అనుకునేది. "సముద్రం ఎట్లున్నది బిడ్డా?" అని అడిగేది. నాకేం తెలుసు సముద్రం ఎలా ఉందో! లాండ్రీ ఓడ అడుగున ఉంటుంది. కిటికీ ఉండదు. పొద్దస్తమానం దుప్పట్లు, తువ్వాళ్ళు, ఆవిరి. నేను చూసిన సముద్రమంతా తెల్లటి దుప్పట్లలోనే. ఇక నెట్ సంగతి చెప్పనక్కర్లేదు. మా అంతస్తులో అది తగిలే చోటు ఒక్కటే, మెట్ల కింద, మంచు ముక్కల మిషన్ పక్కన. అక్కడ ఎప్పుడు చూసినా అన్ని దేశాలవాళ్ళూ గోడకి ఆనుకుని, ఫోన్లు పైకెత్తి, ఎవరి భాషలో వాళ్ళు 'వినపడుతోందా' అని అరుస్తుండేవాళ్ళు. మేడమ్ పంపిన సందేశాలు ఎప్పుడో, ముందువి వెనకా వెనకవి ముందూ అయి వచ్చేవి. 'తగ్గిందండీ' అని ముందు వచ్చేది, 'జ్వరంగా ఉంది' అని తర్వాత వచ్చేది. అమీర్‌పేటలో వాన పడుతోందని ఆవిడ రాసిన మాట నాకు అందేసరికి ఆ వాన ఎండిపోయి, ఆ నీళ్ళలో ఆగిన బస్సులు మళ్ళీ కదిలి, జనం ఇళ్ళకు పోయి ఉండేవాళ్ళు. నేను మాత్రం ఆ వాననే రోజంతా మనసులో కురిపించుకుంటూ దుప్పట్లు మడతపెట్టేవాణ్ణి. ఒకసారి ఎలాగో ఫోన్ కలిసింది. "ఆ రోజు మీరడిగారు కదండీ, చౌరస్తాలో, దానికి నేను చెప్పేదేంటంటే..." అంది. అంతే. తర్వాత గరగర, ఆపైన నిశ్శబ్దం. ఇదేమన్నా న్యాయమేనా? ఆ 'ఏంటంటే' తర్వాత ఏముందో తెలియక నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు.

ఇలా ఉండగా, నా మనసు తెలిసిన మా అమ్మే సంబంధం కదిపితే, మేడమ్ వాళ్ళ నాన్నగారే భీమవరం నుంచి బయల్దేరి వస్తున్నారని కబురు తెలిసింది. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంట్లో భోజనం, ఆ తర్వాత మాటలు. ఆయన అక్కడి చర్చిలో సంఘ పెద్ద. ఓడ ఉద్యోగం అన్నది ఆయనకు అసలు గిట్టలేదు. "ఓడంటే తాగుడూ తిరుగుడూ తప్ప ఏముంటుందండీ? నీళ్ళ మీద ఆదివారం అన్నది ఒకటుంటుందా అసలు?" అని మా అమ్మతోనే ఫోన్లో అన్నారట. కాదనడానికే వస్తున్నారని, అయినా అబ్బాయిని ఒకసారి వీడియోలో చూపించమన్నారని, బావ గొంతు తగ్గించి చెప్పాడు. "ఫికర్ జెయ్యకు భాయ్, ఫోను నేను సూస్కుంట. నువ్వు జర మంచి అంగీ ఏస్కో" అన్నాడు.

అంగీకి లోటేముంది, లాండ్రీలో ఉన్నాను! కెప్టెన్ గారి చొక్కాకి పెట్టేంత గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మెట్ల కింద నిలబడ్డాను. అయితే ఒక్క విషయం లెక్కలోకి తీసుకోలేదు. పంజగుట్టలో మధ్యాహ్నం అంటే మా ఓడ మీద ఉదయం. ఓడలో ఉన్న ప్రయాణికులంతా తమ తమ టిఫిన్లకి ఫొటోలు తీసి ప్రపంచానికి పంపుకునే సమయం. పైన ఒక్కొక్క ఆమ్లెట్టూ ఆకాశానికి ఎగురుతుంటే కింద నా పెళ్ళి మాటలకి దారెక్కడిది? అయినా కలిసింది. తెర మీద మా ఇల్లు కనపడింది. బావ ఫోన్ని బియ్యం డబ్బాకి ఆనించి పెట్టాడు. అమ్మ, మా చర్చి పాస్టరు అయ్యగారు, నిటారుగా కూచున్న నాన్నగారు, వెనక గోడ పక్కన మేడమ్. ఆవిణ్ణి చూడగానే నేను ఇంగ్లీషు, తెలుగు, రెండూ మరిచిపోయాను.

నాన్నగారు కుశల ప్రశ్నలేమీ వేయలేదు. "అయ్యగారూ, భోజనానికి ముందు ప్రార్థన అబ్బాయినే చెయ్యమనండి. మనిషి ఏంటో తెలుస్తుంది కదండీ" అన్నారు. ఇది మా క్రైస్తవ ఇళ్ళల్లో ఉన్న పరీక్ష. జీతం, చదువు ఎవరైనా కాగితం మీద చూపిస్తారు. పదిమందిలో నోరు తెరిచి ప్రార్థన చేయమంటే మాత్రం మనిషి లోపలిదంతా బయటపడుతుంది. ఒకసారి మొదలయ్యాక, చేసేవాడు ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు. పెద్దలు కూడా మధ్యలో ఆపరు. నేను తల వంచి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. "ప్రేమగల మా పరలోకపు తండ్రీ, ఈ దినాన్ని మాకిచ్చినందుకు నీకు స్తోత్రాలు" అన్నాను. నాన్నగారి గురించి, వండిన చేతుల గురించి, ప్రయాణ క్షేమం గురించి అడిగాను. ఇక ముగించుకుందామని ఒక కన్ను కొద్దిగా తెరిచి చూశాను. అక్కడ అందరూ తలలు వంచుకుని చలనం లేకుండా ఉన్నారు. ఇంత నిష్ఠలో ఉన్నవాళ్ళ ముందు చప్పున ఆమేన్ అంటే ఏం బాగుంటుంది? సరే, ఇంకొంచెం సాగదీశాను. మా కెప్టెన్ కోసం ప్రార్థించాను. ఓడ ఇంజన్ కోసం, బావ మోకాలి నొప్పి కోసం, పంజగుట్ట ఫ్లైఓవర్ మీద పోయే సమస్త వాహనదారుల కోసం ప్రార్థించాను. మళ్ళీ చూశాను. ఎవరూ కదల్లేదు. చివరికి మా బట్టలుతికే మిషన్ల కోసం కూడా ప్రార్థించాను.

అప్పుడు చూశాను ఆ విషయాన్ని. వంచిన తలలన్నిటి వెనక ఒక్క తల మాత్రం ఎత్తి ఉంది. మేడమ్ కళ్ళు తెరిచే ఉన్నాయి. సూటిగా నా వంకే చూస్తోంది, కళ్ళజోడు పైనుంచి కాదు, అద్దాల్లోంచే. ప్రార్థనలో కళ్ళు తెరిచినందుకు నేను దొరికిపోయానా, ఆవిడ దొరికిపోయిందా? నేను మాటలు ఆపేసి ఆ చూపునే చూస్తూ ఉండిపోయాను. ఆవిడ రెప్ప కూడా వేయలేదు. ఇంతసేపు నన్నెవరూ అలా చూడలేదు, నేనెవర్నీ అలా చూడలేదు. ఎంతసేపో తెలియదు. వెనక తన వంతు కోసం నిలబడ్డ ఫిలిప్పీన్స్ తమ్ముడు నా భుజం తట్టి, "అన్నా, నీ బొమ్మ ఆగిపోయి చాలాసేపైంది" అన్నాడు (అన్నా అన్న ఒక్క మాట నేనే నేర్పాను, మిగతాదంతా ఇంగ్లీషే). అదిగో, అప్పుడు గాని నాకు వెలగలేదు. నేను చేసిన ప్రార్థనంతా కదలని బొమ్మకి! ఆమేన్ అని అరిచాను. అప్పటికే లైను తెగిపోయింది.

ఆ తర్వాత ఓడ ఉపగ్రహం చూపు అందని నీళ్ళలోకి పోయింది. నెట్ చచ్చిపోయింది. ఆ రోజులు నేను ఎలా గడిపానో మా దుప్పట్లకే తెలుసు. నాన్నగారు ఏమనుకుని ఉంటారు? రెండు ముక్కలు చెప్పి మధ్యలో పారిపోయాడనుకుని ఉంటారు. పెళ్ళి పోయినట్టే. అదలా ఉంచితే, మేడమ్ ఏం చెప్పాలనుకుందో కూడా ఎప్పటికీ తెలియకుండా పోతుందేమో అన్నదే నన్ను ఎక్కువ తినేసింది. అన్నం సహించేది కాదు. ఆవిరిలో నిలబడి ఏడిస్తే ఎవరికీ తెలియదన్నది లాండ్రీ ఉద్యోగంలో ఉన్న ఒకే ఒక సుఖం.

చివరికి ఓడ ఒక రేవులో ఆగింది. రేవు బయట కాఫీ దుకాణం ముందు మా వాళ్ళంతా చలిలో బారులు తీరి ఉన్నారు, అక్కడ నెట్ ఉచితం. నేను ఇంటికి చేశాను. బావ ఎత్తాడు. "అరే ఏం ప్రార్థన చేసినవ్ రా భాయ్! రెండు మాటలన్నవ్, గా తర్వాత మాట లేదు. తల వంచుకోని, చేతులు జోడిచ్చుకోని గట్లనే ఉన్నవ్. నేను సుత ఒకసారి జర కన్ను తెరిచి సూసిన, గట్లనే ఉన్నవ్. భయమై మల్ల మూసుకున్న. బిర్యానీ సల్లారిపోయింది. అమ్మ ఏడుస్తున్నది. ఫోను టుక్కుమని బంద్ అయితే అప్పుడు అయ్యగారే ఆమేన్ అన్నడు. టీచరమ్మ వాళ్ళ నాయన కండ్లు తుడుచుకుండు!" ఆయన అన్నదేమిటంటే, ఈ రోజుల్లో కుర్రాళ్ళు గబగబా నాలుగు మాటలు చదివేసి కంచం వైపు చూస్తారని, దేవుడి ముందు మాట రాక అంతసేపు నిలబడిపోయిన వాణ్ణి ఇతణ్ణే చూశానని! అక్కడికక్కడే సరే అనేశారట. "మరి మేడమ్ ఏమంది?" అన్నాను. "ఏమంటది, సల్లారిన బిర్యానీ మల్ల ఏడిజేసింది" అన్నాడు బావ.

ఆవిడకి చేశాను. మొదటిసారి గొంతు స్పష్టంగా, పక్కనే ఉన్నట్టు వినిపించింది. వెనకాల అమీర్‌పేట ఆటోల హారన్లు కూడా వినిపించాయి. అంత బాగా వినపడుతున్నా అలవాటుకొద్దీ ఇద్దరం 'వినపడుతోందా' అని అరిచాం. నేనే ముందు బయటపడ్డాను. మేడమ్, అది భక్తి కాదండీ, నెట్ ఆగిపోయింది, మీ నాన్నగారికి చెప్పేస్తాను అన్నాను.

"నాకు తెలుసండీ" అంది.

"ఎలా?"

"నేను కళ్ళు మూసుకోలేదు. మీ బొమ్మ మీద ఆ చక్రం తిరుగుతూనే ఉంది." కాసేపు ఆగింది. ఈసారి నెట్ కాదు, ఆవిడే. "చెయ్యి చాపి ఫోన్ తట్టి, నాన్నగారూ, ఇది ఆగిపోయిందండీ అంటే సరిపోయేది. అనలేదు. చౌరస్తాలో మీరు అడిగినదానికి ఇంతకంటే ఎలా చెప్పనండీ?"

తెలియని ఊళ్ళో, తెలియని దుకాణం ముందు, మళ్ళీ వేసుకున్న ఆ గంజి చొక్కాలో నిలబడి నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పక్కన ఫిలిప్పీన్స్ తమ్ముడు ఎవరో పోయారనుకుని నా వీపు నిమిరాడు.

ఇప్పుడు నేను ఓడ మానేసి, పంజగుట్టలోనే ఒక హోటల్ లాండ్రీ చూసుకుంటున్నాను. దానికి కిటికీ ఉంది. ఇంట్లో నెట్‌కి కొదవ లేదు. మేడమ్ (పెళ్ళయినా పిలుపు మారలేదు) వంటింట్లోంచి 'కొత్తిమీర' అని పంపితే నేను రెప్ప వేసేలోపు అందుతుంది. అందినట్టు ఆవిడకి తెలుస్తుంది, నేను ఇంకా తేలేదని కూడా తెలుస్తుంది. అంతా ఎంత త్వరగా అందుతోందంటే, ఒకరి మాట కోసం ఒకరం ఎదురుచూసే పని లేకుండా పోయింది. ఒక్కోసారి ఆ మెట్ల కింద గంజి చొక్కా వేసుకుని, కదలని బొమ్మ ముందు బట్టల మిషన్ల కోసం ప్రార్థిస్తున్న ఆ పిల్లాణ్ణి తలుచుకుంటే జాలేస్తుంది, నిజం చెప్పాలంటే అసూయ కూడా వేస్తుంది.

మామగారికి నిజం పెళ్ళయ్యాక చెప్పేశాం. ఆయన "అయితే మాత్రం ఏంటండీ, నేను చేసిన ప్రార్థన నిజమే కదా" అన్నారు. ఇప్పటికీ అందరం కలిస్తే ప్రార్థన నాకే అప్పగిస్తారు. అందరూ తలలు వంచి, కళ్ళు మూసుకుంటారు. మాటలు ఐపోవస్తుండగా నేను ఒక కన్ను కొద్దిగా తెరిచి చూస్తాను. గోడ పక్కన ఒక్క తల ఎత్తి ఉంటుంది. అన్నం చల్లారిపోతుంటుంది. అయినా ఆమేన్ అనడానికి నాకు ఎప్పుడూ కాస్త ఆలస్యమవుతుంది.