వెనక్కి నడపడం రాని మగాళ్లు

మా ఆయనకు కారు నడపడం వచ్చు. దాని వెనక కారవాన్ తగిలించి నడపడమూ వచ్చు, ముందుకైతే. వెనక్కి రాదు. ఈ సంగతి చాలాకాలం నాకూ, మా అమ్మాయికీ, నార్తాంప్టన్‌లో ఆయన పనిచేసిన బూట్ల ఫ్యాక్టరీలోని సైకిళ్ల షెడ్డుకూ తప్ప ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం ఫ్యాక్టరీ ఆవరణ ఖాళీగా ఉంటుందని ప్రాక్టీసుకు వెళ్లి, ఆ షెడ్డు మూల వంచి వచ్చారు.

కారవానంటే చక్రాల మీద గది, అంతే. రెండు బల్లలు, ఒక గ్యాస్ పొయ్యి, అరచేతంత సింకు. దాన్ని వెనక్కి తోసేటప్పుడు ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, నాకే అర్థమైంది. ఆయనకూ అర్థమైంది. చేతులకే అర్థం కాలేదు.

ఇప్పుడు మా మనవడు లారీ అంత కారు కొన్నాడు, రెండు బియ్యం బస్తాలు మోయడానికి. అప్పట్లో అమ్మాయిని బడి దగ్గర దింపే బుల్లి కారే ఇంటిల్లిపాదినీ, ఇంటినీ కలిపి లాగేది. కొండ ఎక్కాల్సి వస్తే నేనూ అమ్మాయీ దిగి పక్కన నడిచేవాళ్లం. చాలాసార్లు మేమే ముందు పైకి చేరి కారు కోసం ఎదురు చూసేవాళ్లం.

నాకు సముద్రాలూ కొండలూ చూడాలన్న సరదా ఏమీ లేదు. మాది అద్దె మేడగది. వంటిల్లు ఇంటావిడతో ఉమ్మడి. నేను తాలింపు వేస్తే చాలు, జనవరిలో కూడా కిటికీలన్నీ బార్లా తెరిచి, కోటు వేసుకుని కూర్చునేది మహాతల్లి. ఆమె చూపుల మధ్య ఉడికిన పప్పు నాకు పప్పులాగే ఉండేది కాదు. పెరట్లోకి ఆ పాత కారవాన్ వచ్చి నిలబడ్డాక, నాదంటూ ఒక పొయ్యి దొరికింది. వారమంతా అందులోనే వండేదాన్ని. ఇంగువ వేస్తే అడిగేవాడు లేడు.

షెడ్డు వంగాక మా ఆయన తేల్చి చెప్పేశారు.

“ఇంకొక్కసారి ఎవరి ముందైనా ఇది రివర్స్ చేయాల్సొచ్చి నా పరువు పోయిందనుకో, ఊరు రాగానే అమ్మేస్తా. ఫ్యాక్టరీలో ఒకాయన ఇందులో పావురాలు పెంచుకుంటానని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు.”

“నా పొయ్యి మీద పావురాలా?”

“పావురాలు రివర్స్ చెయ్యమని అడగవుగా!”

అప్పటినుంచి మా ప్రయాణాలన్నీ ముందుకే. వెళ్లే గేటు ఒకటి, వచ్చే గేటు ఇంకొకటి ఉంటేనే క్యాంపు మైదానం బుక్ చేసేవారు. పెట్రోలు బంకు దాటిపోతే దాటిపోయినట్టే. దారి తప్పితే తరవాతి రౌండబౌట్ దాకా వెళ్లి, దానికి ప్రదక్షిణ చేసి వెనక్కి వచ్చేవాళ్లం. అన్ని ప్రదక్షిణలు ఏ దేవుడికి చేసినా ఇల్లు కట్టించి ఇచ్చి ఉండేవాడు.

ఆ వేసవిలో కార్డిఫ్ దాటాక సముద్రం వైపు వెళ్తూ, దగ్గరి దారి కదా అని ఒక సన్న సందులోకి తిప్పారు. రెండు పక్కలా మనిషెత్తు పొదలు. కాస్త దూరం పోయాక మలుపులో ఎదురుగా ఇంకో కారు. దాని వెనక మాకన్నా పెద్ద కారవాన్.

ముక్కూ ముక్కూ ఆనేంత దగ్గరగా రెండు కార్లూ ఆగాయి. నాకు చెవుల్లో పావురాలు కూశాయి.

మా ఆయన దిగారు. అవతలి తెల్లాయనా దిగాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

“ఆఫ్టర్ యూ,” అన్నాడాయన, దారి చూపిస్తూ.

“నో నో, ఆఫ్టర్ యూ,” అన్నారు మా ఆయన, అంతకన్నా వంగి.

పెళ్లిపందిట్లో వియ్యంకులు కూడా అంత మర్యాద చేసుకోరు. ఎవరికి వారు ముందు మీరే పోవాలంటారు, పోవడానికి చోటేదీ? ఒకరు వెనక్కి వెళ్తేనే గదా! ఆ మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నారు. వాన వస్తుందా రాదా అన్నారు. ఒకరి టైర్లు ఒకరు తన్ని చూశారు. బానెట్లు ఎత్తి లోపలికి తొంగిచూసి, దేవుడి దర్శనం అయినట్టు తలలు ఊపారు.

వెనక సీట్లోంచి మా అమ్మాయి అరిచింది. “డాడీ, వై డోంట్ యూ జస్ట్ గో బ్యాక్?”

“నోరు మూసుకుని బొమ్మలు వేసుకోవే,” అన్నాను. దాన్ని అంత గట్టిగా కసిరింది అప్పుడొక్కసారే.

ఈ మర్యాదలు ఇప్పట్లో తెమిలేలా లేవు. రాత్రి నానబోసి పొద్దున్నే రుబ్బిన పెసరపిండి ఉంది, ఎండకు పులిసిపోతే దండగ. కారవాన్‌లోకి వెళ్లి పెనం పెట్టాను. అట్టు వాసనకు అవతలి ఆవిడ మడత కుర్చీ చంకన పెట్టుకుని వచ్చింది. కిటికీ తెరవలేదు. కోటు వేసుకోలేదు. గుమ్మంలో కూర్చుని రెండు అట్లు తిని, మగాళ్ల వైపు ఒకసారి చూసి, నా చెవిలో అంది.

“మా ఆయనకు రివర్స్ రాదు, డియర్.”

“మైన్ ఆల్సో,” అన్నాను.

ఇద్దరం నోటికి చెంగూ చేతిరుమాలూ అడ్డం పెట్టుకుని నవ్వాం. నవ్వుతూనే నాకొచ్చిన ఇంగ్లీషు అంతా కూడగట్టి పావురాల సంగతి చెప్పాను. వంటిల్లు, ఇంటావిడ, పరువు, అన్నీ. ఎంత అర్థమైందో గానీ నవ్వు ఆపేసింది. ప్లేటు నా చేతికిచ్చి, సందు మధ్యలో నిలబడి, పొదల్లో పిట్టలు లేచిపోయేలా అరిచింది.

“వీడు ఇరవయ్యేళ్లుగా కారవాన్ లాగుతున్నాడు, ఇప్పటికీ వెనక్కి వెళ్లడం చేతకాదు! వాళ్ల నాన్నకూ చేతకాదు!”

తెల్లాయన చెవులు టమాటా రంగుకు తిరిగాయి. మా ఆయన ముఖమా? మా పెళ్లిలో కూడా అంత వెలగలేదు. వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

“డోంట్ వర్రీ సార్. వెరీ డిఫికల్ట్. ఐ ఆల్సో... కొంచెం.”

కొంచెమట!

మాది చిన్నది కాబట్టి దాన్నే కారునుంచి విప్పారు. వెనక కాస్త దూరంలో పొలం గేటు ఉంది. నేను చీర కుచ్చిళ్లు ఎగదోపాను, ఆవిడ చెప్పులు విడిచింది. నలుగురం కలిసి ఎద్దు లేని బండిని తోసినట్టు గేటు దాకా తోసి, సందులోంచి తప్పించాం. ఒట్టి కారును వెనక్కి తీసుకోవడం మా ఆయనకు బాగానే వచ్చు. వాళ్లు హారన్ కొట్టుకుంటూ ముందుకు పోయారు.

మళ్లీ తగిలించి బయల్దేరాక మా ఆయన ఈల వేయడం మొదలుపెట్టారు.

“చూశావుటే? ఈ దేశంలోనే పుట్టి, తండ్రీ కొడుకులు రెండు తరాలుగా లాగుతున్నవాళ్లకే రాలేదు. సముద్రం దాటి వచ్చినవాణ్ణి, నాకు రాకపోతే తప్పేముంది?”

“అయితే అమ్ముతారా?”

“ఎందుకమ్మాలి? పిచ్చా?”

సాయంత్రం క్యాంపు మైదానం చేరాం. మాకిచ్చిన చోటు సరిగ్గా కంచె మూలన ఉంది. వెనక్కి నెడితే తప్ప పట్టదు. మా ఆయన కారు దిగి, చేతులు నడుముకు పెట్టుకుని, ఏదో పదవి వచ్చినట్టు అందరికీ వినిపించేలా చెప్పారు. “ఐ కెనాట్ రివర్స్!”

చెడ్డీల్లో ఉన్న మగాళ్లు అన్ని గుడారాల నుంచీ పరుగెత్తుకొచ్చారు. కారవాన్‌ను చుట్టేసి, తలొక సలహా ఇస్తూ తోయసాగారు. బరువు తగ్గాలి, కాస్త దిగమన్నారు నన్ను. దిగలేదు. పొయ్యి వెలిగించి ఉల్లిపాయలు కోస్తున్నాను.

“మెల్లిగా తొయ్యండయ్యా,” అన్నాను కిటికీలోంచి, “నూనె కాగుతోంది.”