మా అమ్మ ఇసుక వాలు

వాకిట్లో లారీవాడు కుమ్మరించి వెళ్ళిన ఇసుక మీద తెల్లవారుజామున వాన పడింది. తలుపు తీయగానే ఆ తడి ఇసుక వాసన, ఏటి పాచీ ఇనుమూ కలిసినట్టుండే ఆ పచ్చి వాసన ముక్కుకు తగిలేసరికి, అరవై ఏళ్ళ కిందటి కోపం నాకు మళ్ళీ కొత్తగా వచ్చింది. ముసలిదానికి ఇప్పుడు కోపమేమిటి అనుకుంటారేమో, అనుకోండి. రాజధాని సువాలో ఇంజనీరింగు చదివే నా మనవడు ఆ కుప్ప పక్కనే బల్ల వేసుకుని, ఎండిన ఇసుకను గరాటులోంచి పళ్ళెంలోకి వదిలి, పేరుకున్న గుట్ట వాలును కొలుస్తున్నాడు. "ఆజీ, ఈ యాంగిల్ సంగతి గోరా లోగ్ కనిపెట్టారు, మాలూమ్?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మీ తెల్లదొరల సంగతి నాకు తెలీదు గానీ, ఆ వాలు కోసం మా అమ్మ జైలుకెళ్ళిందిరా అన్నాను.

అవి గిర్మిట్ రోజులు. గిర్మిట్ అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం. దాని మీద ఓడెక్కి ఈ దీవికి వచ్చిన మేమంతా నాడీ ఊరి దగ్గర చెరకు తోటల మధ్య లైన్లలో ఉండేవాళ్ళం. లైన్లంటే ఒకే రేకు కప్పు కింద వరసగా గుర్రపు కొట్టాల్లాంటి గదులు. ఒక గదిలో దగ్గితే నాలుగో గదిలో నిద్ర చెడేది. చెరకు కాల్చే నెలల్లో మసి నల్లటి పూరేకుల్లా అన్నంలో రాలేది, చక్కెర మిల్లు వైపు నుంచి గాలి వీస్తే బెల్లపు మడ్డి వాసనకి తలనొప్పి వచ్చేది. ఈ దేశంలో కాలాలు తలకిందులు కాబట్టి ఉగాదికి మామిడి పిందె దొరికేది కాదు. అమ్మ చింతకాయ దంచి, వేపపువ్వుకు బదులు కాకరాకు తుంచి వేసి, చెరకు రసంతో పచ్చడి చేసేది. "సేదుగా ఉందే!" అని నేను ముఖం ముడిస్తే, "సేదు కోసమే కదేటే తింట!" అని నోట్లో కుక్కేది.

అమ్మ పేరు చిట్టెమ్మ. భీమిలి వైపు బావులు తవ్వే ఇంటి ఆడపిల్ల. ఆదివారాలు ఏటి ఒడ్డున బట్టలుతుకుతూ నాకు ఇసుకాట నేర్పేది. అచ్చనగాయల కన్నా ఆ ఆటే నాకిష్టం. తడి ఇసుకలో నిటారుగా గోతులు తీసి, చీపురు పుల్లలు విరిచి మనుషుల్లా లోపల నిలబెట్టేవాళ్ళం. పొద్దున గోడలు ఎంచక్కా నిలిచేవి. మధ్యాహ్నం ఎండకు తడి ఆరేసరికి, పక్కన అరచేత్తో ఒక్కటి తడితే చాలు, గోడ జారి పుల్లలన్నీ కప్పబడిపోయేవి. గోతిలోకి మనిషి దిగే ముందు వాళ్ళింట్లో ఒక ఆచారం ఉండేదట: గుప్పెడు పొడి ఇసుక పళ్ళెంలో వదిలి, అది ఏ వాలున ఆగితే ఆ వాలుకు గోతి అంచులు చెక్కాలి. అంతవరకూ ఇంటి ఆడవాళ్ళు నిచ్చెన దించనివ్వరు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, చెరకు బళ్ళు నడిచే ట్రాము పట్టాల పక్కన ఏటి ఇసుకలో బావి తవ్వమని కులంబర్, అంటే తోట మీది తెల్లదొర, హుకుం వేశాడు. ఆ పని మా నాన్న అప్పన్నకూ మరో ఇద్దరికీ పడింది. లోతును బట్టే రోజు పని లెక్క కాబట్టి వాళ్ళు వెడల్పు పెంచకుండా నిటారుగా దిగిపోయారు. రెండో రోజుకే గొయ్యి మనిషిన్నర లోతైంది, దొర మెచ్చుకున్నాడు కూడా. నాన్నకు గంజి తెచ్చిన అమ్మ ఆ గోడలు చూసి కుండ కింద పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే ఒక పక్క కోసేసిన కిరసనాయిలు డబ్బాలో తడి ఇసుక నింపి, గొయ్యి తీసి, మూడు పుల్లలు గుచ్చి ఎండలో పెట్టింది. మధ్యాహ్నం పనికి మనుషులు మళ్ళీ దిగబోయే వేళ ఆ డబ్బాను దొర ముందు ఉంచి, నన్ను గరిటెతో తట్టమంది. తట్టాను. మూడు పుల్లలూ మునిగిపోయాయి. దొర పగలబడి నవ్వి డబ్బాను బూటుకాలితో తన్నాడు. సర్దారు, అంటే దొర కింద మేస్త్రీ, మా వాడే అయ్యుండి దొరకన్నా గట్టిగా నవ్వాడు.

అప్పుడు అమ్మ నిచ్చెన పైకి లాగేసి దాని మీద కూర్చుంది.

"ఒసే, జైలేస్తారే!" అన్నాడు నాన్న.

"ఎయ్యనీ. జైల్నించి రావచ్చు. ఈ గోతిలోంచి రాగలవేటి?" అంది అమ్మ. దొర వైపు తిరిగి, "నా మొగుణ్ణి దిగనీను దొరా. నువ్వు దిగు, సూద్దాం" అంది.

దొరకు తెలుగు రాదు, సర్దారుకు ఆ మాట చెప్పే ధైర్యం లేదు. సర్దారు అమ్మను జుట్టు పట్టి లేపబోతే వాడి చెయ్యి నేను కొరికాను. బాగా కొరికాను, రక్తం వచ్చేదాకా. ఆ గొడవలోనే చెరకు బళ్ళతో ట్రాము వచ్చింది. పట్టాలు దడదడలాడాయి, కాళ్ళ కింద నేల అదిరింది, పెద్ద చప్పుడేమీ లేకుండా బావి పూడిపోయింది. లోపల ఒక్క గునపం మాత్రమే ఉండిపోయింది. నాన్న అక్కడే చతికిలబడి, అమ్మ పాదం పట్టుకుని ఏడ్చాడు.

ఇంకేం, దొర సిగ్గుపడి వదిలేశాడనుకుంటున్నారా? గిర్మిట్‌లో పనికి ఎదురు చెబితే అది నేరమే, అందుకని వారం తిరక్కుండా అమ్మను కోర్టుకు లాక్కెళ్ళి నెల రోజులు జైల్లో పెట్టారు. ఆ నెలంతా నాన్న మాడ్చిన అన్నమే తిన్నాను. అమ్మ జైల్లో ఉండగానే ఆ బావిని మళ్ళీ తవ్వారు, ఈసారి అంచులు అమ్మ చెప్పిన వాలుకే చెక్కి. జైలు నుంచి వచ్చిన రోజు అమ్మ ఆ బావి నీళ్ళతోనే తలంటుకుంది.

ఇప్పుడు ఆ లైన్లు లేవు, బావిని చెరకు చెత్తతో పూడ్చేశారు, "సేదుగా ఉందే" అంటే అర్థమయ్యేవాళ్ళం మా వీధిలో ఇద్దరమే మిగిలాం. మిగిలిందల్లా నాన్న రేకు పెట్టెలో దాచిన కోర్టు కాగితం. ఇవాళ దాన్ని మనవడి చేతిలో పెట్టి చదవమన్నాను. వాడు గరాటు బల్ల మీద పెట్టి, కాగితం విప్పి చదివాడు.

"ఏం రాశారురా?"

"పని చెయ్యను అంది, అని రాశారు, ఆజీ."

అవును, అంది. అందుకే మా నాన్న ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు బతికాడు.