మా సందుకి మూడు పేర్లు

పెళ్ళయ్యాక కంకిపాడు నుంచి కాపురానికి వచ్చిన రోజు మా కారు డ్రైవరు గవర్నర్‌పేటలో దారి తప్పాడు. మా ఆయన ముందు సీట్లో కూర్చుని కునికిపాట్లు పడుతున్నారు. డ్రైవరు అద్దం దించి కనబడిన వాళ్ళనల్లా అడుగుతూ, చివరికి ఒక సందు మొదట్లో కారాపి, హారతి పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఒక పెద్దావిడని కేకేశాడు.

“ఏవండీ, చెత్తకుండీ సందంటే ఇదేనా అండీ?”

“ఇదే బాబూ” అన్నారావిడ. ఆవిడే మా అత్తగారు. హారతి ఇస్తున్నంతసేపూ ఆవిడ నా మొహంలోకి చూడలేదు. కొత్త కోడలు ఈ ఊళ్ళో తన ఇంటి గురించి విన్న మొదటి మాట అదైనందుకు ఆవిడ పడిన సిగ్గు నాకప్పుడు అర్థం కాలేదు. నేనింకా ఆవిడ బాగా గర్వమున్న మనిషనుకున్నాను.

సందుకి మున్సిపాలిటీ వాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. అది బోర్డు మీద తప్ప ఎవరి నోట్లోనూ లేదు. హోల్‌సేల్ కొట్లు, లాడ్జీలు, ఆఫీసులు కిక్కిరిసిన పేట కదా, సందు మూలన ఉన్న పెద్ద చెత్తకుండీయే అందరికీ గుర్తు. పార్శిల్ వాళ్ళకీ, చుట్టాలకీ, ఆటోవాళ్ళకీ అదే అడ్రసు. మా పుట్టింటి వాళ్ళు వస్తే కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకునే లోపలికొచ్చేవారు. మా అత్తగారు వాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చేముందు అగరొత్తులు వెలిగించేవారు.

తర్వాత మున్సిపాలిటీ బండి ఇంటింటికీ రావడం మొదలైంది. కుండీ తీసేశారు. కుండీ పోయింది గానీ జనం చేతులకి అలవాటు పోలేదు. ఉత్త నేల మీదే కవర్లు పడేయడం మొదలుపెట్టారు. బండి గుమ్మం ముందు ఈల వేస్తుంటే పలకరు, అది వెళ్ళిపోయాక మూల దాకా నడిచి మరీ విసిరి వస్తారు. చదువుకున్న వాళ్ళే, ఇస్త్రీ చొక్కాల వాళ్ళే. వాళ్ళని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా అత్తగారు మాత్రం ఎవర్నీ తిట్టలేదు. ఒకరోజు మూల అంతా ఊడ్పించి, కడిగించి, మర్నాడు ఇంకా చీకటుండగానే వెళ్ళి పెద్ద మెలికల ముగ్గు వేసి వచ్చారు. శుభ్రం చేసిన చోటు కదా అని నాలుగు వైపులా పసుపు, కుంకుమ చల్లారు. మధ్యలో ఒక మందారం పెట్టారు.

“ముగ్గు మీద చెత్తేసే మనిషి ఉంటాడా అమ్మాయ్” అన్నారు కాఫీ కలుపుతూ.

నిజంగానే ఎవరూ వేయలేదు. ఆ రోజు కాదు, ఆ మర్నాడూ కాదు. ఆవిడ రోజూ చీకట్లో వెళ్ళి కొత్త ముగ్గు వేసి రావడం, సాయంత్రానికి కూడా అది చెక్కు చెదరకుండా ఉండటం. మన జనానికి మర్యాద తెలుసని ఆవిడ ఒకటే మురిసిపోయారు. నేనూ నమ్మాను.

అసలు సంగతి పూలావిడ చెప్పింది. మా అత్తగారు మొదలుపెట్టిన రోజు అమావాస్య. దిష్టి గుమ్మడికాయలు పగిలే రోజు. ఎవరు వేశారో తెలియని ముగ్గు, పసుపు, కుంకుమ, ఎర్రటి పువ్వు. చూసినవాళ్ళు చూసినట్టు చెంపలేసుకుని పక్కనుంచి వెళ్ళిపోయారట. ఎవరో ఎవరి మీదో ఏదో చేయించారని పేటంతా పాకింది. ఆటోవాళ్ళు సందులోకి రావడం మానేసి మెయిన్ రోడ్డు మీదే దింపేస్తున్నారు.

“చేతబడి సందంటున్నారండీ” అంది పూలావిడ, మూర కొలుస్తూ.

మా అత్తగారు మంచం మీద కూలబడ్డారు. మా ఆయన మాత్రం నవ్వాపుకోలేక, “పోనీలే అమ్మా, భయపడైనా చెత్తేయడం మానేశారుగా, అలా ఉండనీ” అన్నారు. ఆ మాటకి ఆవిడకి వచ్చిన కోపం నేను అంతకుముందు చూడలేదు.

“ఏం మాటరా అది? మొన్నటిదాకా మనింటికొచ్చేవాళ్ళు ముక్కు మూసుకునొచ్చేవాళ్ళు. ఇప్పుడు గుండె చేత్తో పట్టుకుని రావాలా? దీనికంటే చెత్తే నయం.”

ఎదురింట్లో ఒక రిటైరైన టీచర్ గారుండేవారు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేవారు, క్రిస్మస్‌కి గుమ్మం ముందు రంగులతో నక్షత్రం వేసేవారు. గొడవంతా విని ఆవిడ తేలిగ్గా తేల్చేశారు.

“ఎవరేశారో కనబడకే గదండీ అక్కయ్యగారూ ఈ భయమంతా. పొద్దెక్కాక, నలుగురూ చూస్తుండగా వేయండి. తోడు నేనొస్తా.”

వినడానికి చిన్న మాటే. కానీ మా అత్తగారు జీవితంలో సూర్యుడు వచ్చాక ముగ్గు వేసి ఎరగరు. తెల్లారాక వాకిలి ముందు వంగిన ఆడదాన్ని ఆవిడ తరం ఏమనుకుంటుందో నాకు తెలుసు. పైగా లాడ్జీల మగవాళ్ళు, కొట్ల ముందు లారీల జనం. మర్నాడు ఆఫీసులు తెరిచే వేళకి గంజి పెట్టిన చీర కట్టుకుని, ముగ్గు డబ్బా చంకన పెట్టుకుని, “పదమ్మాయ్” అన్నారు. ఆ క్షణాన ఆవిడ మీద నాకు పుట్టిన గౌరవం ఇంకా తగ్గలేదు.

నడిరోడ్డు మీద మా అత్తగారు చుక్కలు పెట్టారు, టీచర్ గారు రంగులు నింపారు, నేను తప్పులు చేసి తిట్లు తిన్నాను. బళ్ళు నెమ్మదించాయి. జనం నిలబడ్డారు. ఒకాయన ధైర్యం చేసి, “ఇది మీరేస్తున్నారా అండీ?” అన్నాడు.

“మరి దెయ్యాలేస్తాయనుకున్నారా బాబూ?” అన్నారు మా అత్తగారు, తల ఎత్తకుండా.

అప్పుడు మొదటిసారి ఆ మూలన నవ్వులు వినబడ్డాయి. కొన్నాళ్ళకి పైవాటాల ఆడవాళ్ళు దిగి వచ్చారు. హాస్టల్లో ఉండి కోచింగ్‌కెళ్ళే ఆడపిల్లలు ఫోన్లో డిజైన్లు చూపించేవారు. లాడ్జీల్లో దిగిన ఊరుకానివాళ్ళు ఫొటోలు తీసుకునేవారు. ఒకసారి ఎవరో చెత్త కవరు తెచ్చి ముగ్గు నడిమధ్యన పడేసి పోయారు. నేను కేకలు పెట్టబోతే మా అత్తగారు ఆపి, ఆ కవరు చుట్టూ పద్మం రేకులు గీసి, దానికీ పసుపు కుంకుమ పెట్టి ఇంటికొచ్చేశారు. వచ్చేపోయే వాళ్ళంతా ఆ పూజలందుకుంటున్న కవర్ని చూసి నవ్వుకున్నారు. సాయంత్రానికి కవరు మాయం. ఎవరు తీశారో తెలియదు, మళ్ళీ మాత్రం పడలేదు.

ఏళ్ళు గడిచాయి. మొన్నామధ్య ఆవిడకి మోకాలి ఆపరేషనైంది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నొప్పికంటే ముగ్గు గురించే బెంగ. టీచర్ గారు వేస్తున్నారని చెబితే, “ఆవిడ చుక్కలు కుదరవమ్మా, నాలుగు రోజులు ఖాళీ కనబడితే మళ్ళీ పాత పేరు పట్టుకుంటారు జనం” అనేవారు. ఆ పేరు ఏమిటో మాత్రం నోటితో అనేవారు కాదు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ ఆ మాట అనగా నేను వినలేదు.

కుట్లు విప్పించుకుని తిరిగి వస్తుంటే స్టాండులో ఆటో ఎక్కాం. ఎక్కడికండీ అన్నాడు ఆటో అతను. నేను నోరు తెరిచేలోపే ఆవిడ నా చెయ్యి నొక్కారు.

“చెత్తకుండీ సందుకి పోనీ బాబూ.”

నేను ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశాను. ఆవిడ మాత్రం అతని మొహమే చూస్తున్నారు, పరీక్ష రాసి మార్కుల కోసం నిలబడ్డ పిల్లలా.

“ఎక్కడండీ?” అన్నాడతను.

“గవర్నర్‌పేటలోనయ్యా. చెత్తకుండీ సందు. తెలీదా?”

అతను ఆలోచించాడు. పక్క ఆటో అతన్ని అడిగాడు. అతనూ తల అడ్డంగా ఊపాడు.

“గవర్నర్‌పేటలో అలాంటిదేదీ లేదండీ మామ్మగారూ. మేం రోజూ తిరిగేదే గదా. మీకెవరో తప్పు చెప్పారు.”

మా అత్తగారు సీటుకి జారగిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

“అవును బాబూ, తప్పే చెప్పారు. ముగ్గుల సందుకి పోనీ.”