పుష్పమ్మకు వచ్చిన రెండు ఉత్తరాలు

వనపర్తి ఆడపిల్లల బడిలో నేను లెక్కలు చెప్పేదాన్ని, పుష్పమ్మ ఇంగ్లీషు చెప్పేది. ఇద్దరికీ కలిపి ఒకే గది ఇచ్చారు. గోడలో ఉన్న మూడు అరల్లో రెండు ఆమె పుస్తకాలకు, ఒకటి నా పచ్చడి జాడీలకు. ఈ పంపకం మీద మాకు ఎన్నడూ పేచీ రాలేదు గాని, మిగతా అన్నిటి మీదా వచ్చేది. ఆమె మాట పడే మనిషి కాదు, నేను ఊరుకునే మనిషిని కాను.

ఆమెకప్పుడు ఇరవై రెండేళ్లు. ఇటిక్యాల పిల్ల. గద్వాలలో మిషను హాస్టల్లో ఉండి చదువుకుని, హైదరాబాదులో బి.ఏ. పూర్తి చేసింది. తండ్రి ఇస్రాయేలు గుంపు మేస్త్రీ. అంటే పొలం పనులు లేని నెలల్లో ముప్పై నలభై మంది ఆడా మగా కూలీలను వెంటబెట్టుకుని చెరువు కట్టలకూ, రైలు కట్టలకూ, పట్నాల్లో లేచే మేడలకూ మట్టి మోయించడానికి తీసుకుపోయి, మృగశిర కార్తెకల్లా అందరినీ మళ్లీ ఊరికి చేర్చే పెద్ద. తల్లి సాయమ్మ పుష్పమ్మ ఐదేళ్లప్పుడే పోయింది. పని మీది నుంచి తిరిగి వస్తూ రాయచూరు దగ్గర రైల్లో జ్వరంతో ప్రాణం వదిలిందనీ, అక్కడే సమాధి చేశారనీ ఆమె నాకు చెప్పింది. ఈస్టరు నాడు అందరూ తమవాళ్ల సమాధుల దగ్గరికి పోతుంటే తనను రాయచూరు తీసుకుపొమ్మని చిన్నప్పుడు ఏటా అడిగేదట. తండ్రి ఏటా ఏదో ఒక సాకు చెప్పేవాడట.

1946 మే నెలలో, వారం తేడాతో, ఆమెకు రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి బొంబాయి నుంచి, ఒకటి లక్నో నుంచి. రెండూ సంఘసేవ నేర్పే బళ్లు. బి.ఏ. అయినవాళ్లనే చేర్చుకుంటారు, రెండేళ్లు చదవాలి. ఎక్కడో ఒకచోటైనా రాకపోతుందా అని రెండింటికీ అర్జీ పెట్టింది. తీరా రెండూ రమ్మన్నాయి.

"సంఘసేవకు గూడ బడి ఉంటదా?" అని నేను నవ్వాను. "మా అమ్మమ్మ ఊర్ల ఎవరికి నొప్పులొచ్చినా ఉరికేది. ఆమెకు ఎవరిచ్చిన్రు సర్టిఫికెట్టు?"

"మీ అమ్మమ్మ ఉరకని ఇండ్లు ఆ ఊర్ల ఎన్నున్నయో ఎప్పుడన్న లెక్కపెట్టినవా, లెక్కల పంతులమ్మా?"

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ లెక్క నాకు తెలుసు. మా అమ్మమ్మ మావాళ్ల వీధి దాటి ఎన్నడూ ఉరకలేదు. రెండు రోజులు పుష్పమ్మతో మాట్లాడలేదు. మూడో రోజు మామిడికాయ పచ్చడి కలుపుతూ నేనే పలకరించాను.

అప్పటికి ఆమె కాగితానికి నడిమధ్య గీత గీసి, ఒక వైపు బొంబాయి, ఒక వైపు లక్నో అని రాసుకుని కూర్చుంది. లక్నో ఉత్తరం ఆప్యాయంగా ఉంది. బడి ఆ ఏడే తెరుస్తున్నారు, ఆడపిల్లలకు మంచి వసతి ఉంది, మిషను దొరసానులు ఉన్నారు. బొంబాయి ఉత్తరం నాలుగు ముక్కలు. బడి పెట్టి పదేళ్లయింది. చదువుతో పాటు వారానికి రెండు రోజులు కార్ఖానాల్లోనో, కూలివాడల్లోనో, దవాఖానల్లోనో పనిచేయాలి. దవాఖాన అన్న మాట దగ్గర ఆమె పెన్సిలు ప్రతిసారీ ఆగేది. మనసు బొంబాయి మీదే ఉందని గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది. అయినా రెండు పడవల మీద కాళ్లు పెట్టి పది రోజులు గడిపింది.

రెండు బళ్ల ఫారాల్లోనూ తండ్రి సంతకం అడిగారు. ఈ బడినే ఎందుకు ఎంచుకున్నావో పది వరుసల్లో రాయమని కూడా అడిగారు. ఫారాలు జూన్ పదిహేనులోగా వాళ్లకు అందాలి.

"సంతకమే కద. మీ నాయినది ఎట్లాగూ వేలిముద్ర. నేనేస్త, బొంబాయోల్లకేం తెలుస్తది?" అన్నాను.

"నాకు తెలుస్తది" అంది. ఆ మాటతో నా హాస్యం చప్పబడింది.

వేసవి సెలవులకు నన్నూ ఇటిక్యాల రమ్మంది. వనపర్తి రోడ్డు స్టేషన్లో ప్యాసింజరెక్కి, కృష్ణ దాటి, గద్వాల మీదుగా ఇటిక్యాలలో దిగాం. మేం చేరేసరికి ఇస్రాయేలు ఇంటి ముందు కూర్చుని పారకు కొత్త కర్ర కామ బిగిస్తున్నాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చెంబుతో నీళ్లిచ్చారు. దాహం లేదని అబద్ధమాడాను. జూన్ మొదటి వారం ఎండలో రెండు మైళ్లు నడిచి వచ్చిన మనిషికి దాహం లేకపోవడమేమిటని ఎవరూ అడగలేదు. అడగకపోవడం నాకు ఇంకా సిగ్గనిపించింది.

గుంపును కొత్త పని మీదికి తీసుకుపోయే ముందు ఇస్రాయేలు మూడు సంగతులు విచారిస్తాడని పుష్పమ్మ ఎప్పుడో చెప్పింది. ఇటిక్యాలలో పిల్లలకు కూడా అవి నోటికి వచ్చు. పిలిచేటోన్ని అడుగొద్దు, పోయి వచ్చినోన్ని అడుగు. నీల్లు యాడుంటయో అడుగు. మన మాట తెలిసినోడు ఆడ ఒక్కడన్న ఉన్నడా అడుగు. ఈ మూడింటికీ జవాబు దొరకని పని ఎంత లాభమైనా ఆయన గుంపు అటు అడుగు వేయదు. అందుకే ఆయన గుంపులో చేరడానికి దూరాన ఉన్న లింగాల నుంచి కూడా జనం వచ్చేవారు.

పుష్పమ్మ తండ్రి ఎదుట కూర్చుని రెండు ఉత్తరాల సంగతీ చెప్పింది. ఆయన పని ఆపలేదు.

"లక్నోకు ఎవరన్న పోయొచ్చిన్రా?"

"అది కొత్తది నాయిన. ఈ ఏడే తెరుస్తున్నరు."

"మన మాట తెలిసినోల్లున్నరా?"

"ఎవరుంటరు? గంత దూరం."

ఆయన కామను ఒకసారి తిప్పి చూశాడు. "మంచిదే. లక్నోకు పో" అన్నాడు.

"మరి బొంబాయి?"

"బొంబాయి వద్దు."

"ఎందుకు నాయిన?"

"వద్దంటే వద్దు బిడ్డ." లేచి పార గోడకు ఆనించి, పశువుల వైపు వెళ్లిపోయాడు. కామ సగమే బిగిసి ఉంది.

ఆ సాయంత్రం నేను పుష్పమ్మకు నచ్చజెప్పబోయాను. "కన్నతండ్రి. ఆడపిల్ల గంత పెద్ద పట్నంల ఎట్లుంటదో అని భయపడుతుండు."

"లక్నో ఏమన్న పల్లెనా? నన్ను పదహారేండ్లప్పుడు ఒక్కదాన్ని హైదరాబాదు బండి ఎక్కించినోడు. భయపడే మనిషి గాడు." మళ్లీ తనే అంది: "పోయొచ్చినోడు ఒక్కడు లేని చోటికి మా నాయిన పదిమంది కూలీలను గూడ పంపడు. సొంత బిడ్డను పంపుతనంటుండు. గిదేందో నాకు తెల్వాలె."

తండ్రి చెప్పకపోతే తండ్రి పద్ధతి ఉండనే ఉంది. పోయి వచ్చినవాళ్లను అడగాలి. మరునాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని హన్మమ్మ ఇంటికి పోయింది. హన్మమ్మ గుంపులో అందరికంటే పాత మనిషి. నోట్లో నువ్వుగింజ నానదు. మేం కూర్చునే లోపల ఊళ్లో మూడు ఇళ్ల గుట్టు నాకు చెప్పేసింది. చేటలో జొన్నలు పోసుకుని రాళ్లు ఏరుతోంది.

"అత్తా, నువ్వు ఎప్పుడన్న బొంబాయి పని మీదికి పోయినవా?"

"పోయిన. ఒక్క పాలే. నువ్వు గింత పిల్లవు."

"నీల్లు యాడ?"

"నల్ల ఉండె. పొద్దుగాల ఒక గంట వచ్చేది. కొట్లాటే కొట్లాట."

"మన మాట తెలిసినోల్లు?"

"ఉంటే సాయమ్మ గట్లెందుకు పోతుండె..." అని, హన్మమ్మ చేట కింద పెట్టేసింది. జొన్నలు కొన్ని ఒలికాయి.

పుష్పమ్మ "మా అమ్మ రాయచూరు కాడ గద పోయింది" అంది.

గుంపులో ఒక కట్టుబాటు ఉందట. తమ మనిషి చచ్చిన పని మీదికి మళ్లీ ఎవరూ పోరు. చచ్చినవాళ్ల ఇంట్లో ఆ చోటు పేరు ఎత్తరు. ఇస్రాయేలు ఆ కట్టు మీద ఇంకో కట్టు వేసి, బిడ్డకు ఎవరూ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. నోరు ఆగని హన్మమ్మ పదిహేడేళ్లు ఆ ఒక్క మాటను ఎలా మింగి ఉంచిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇక దాచి లాభం లేదనుకుని చెప్పింది.

బొంబాయిలో ఏదో మేడ పని. సాయమ్మకు జ్వరం ముదిరి తెలివి తప్పితే, ఇస్రాయేలు భుజాన వేసుకుని ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. ఆమెను లోపలికి తీసుకుని, ఆయనను గేటు బయట ఉండమన్నారు. ఏ గది, ఏ మంచం, ఎవరూ చెప్పలేదు. అడగడానికి ఆయనకు వాళ్ల మాట రాదు, చెప్పడానికి వాళ్లకు ఆయన మాట రాదు. పిలుస్తారేమోనని గేటు దగ్గరే నిలబడ్డాడు. "మూడు దినాలు నేనే రొట్టె తీస్కపోయిన" అంది హన్మమ్మ. "ముట్టలే. పక్కకు పోయి తినొచ్చే లోపల పిలుస్తరేమోనని." సాయమ్మ మొదటి రాత్రే పోయింది. తనవాళ్లెవరూ లేరనుకుని రెండో నాడే ఆమెను మట్టి చేశారు. ఆ సంగతి చివరికి ఆయనకు చెప్పింది అక్కడ ఊడ్వడానికి వచ్చే ఒక తెలుగామె. ఎక్కడ మట్టి చేశారో ఆమెకూ తెలియదు.

హన్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. పుష్పమ్మ మాత్రం ఒలికిన జొన్నలు ఒక్కొక్కటే ఏరి చేటలో వేసి, లేచింది. దారిలో ఒకే మాట అంది. "పదేండ్లు రాయచూరు తోల్కపొమ్మని అడిగిన. పదేండ్లు అబద్ధమే చెప్పిండు." ఆ గొంతులో కోపమే ఉంది. జాలి కోసం వెతికాను, కనబడలేదు.

ఇంటికి రాగానే కుండలోంచి నేనే నీళ్లు ముంచుకుని తాగాను. ఎవరూ పట్టించుకోలేదు.

పుష్పమ్మ బొంబాయి ఫారం తీసింది. ఎందుకు ఎంచుకున్నావన్న చోట రాయడానికి అంతకు ముందే ఒక చిత్తుప్రతి తయారుచేసింది. సంఘ పునర్నిర్మాణం, దేశ భవిష్యత్తు, యువత కర్తవ్యం, అన్నీ ఉన్నాయి అందులో. మా హెడ్‌మిస్ట్రెస్ చూసి మెచ్చుకున్నది కూడా. దాన్ని నాలుగుగా చింపింది. ఫారం మీద చిత్తు లేకుండా నేరుగా రాయడం మొదలుపెట్టింది. పది వరుసలు అడిగితే ఐదు రాసి ఆపింది.

ఇస్రాయేలు పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. పుష్పమ్మ పోయి ఆయన ఎదుట నిలబడింది. చేతిలో కాగితం చూసి ఆయన మొహం ముడుచుకున్నాడు.

"నేను వద్దన్న గద."

"అన్నవు. జర గిది విను. ఇంగ్లీషుల రాసిన. నీకు మన మాటల చెప్త."

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఆమె నిలబడే చదివింది. బడిలో పిల్లలకు పాఠం చదివినట్టే, ఎక్కడా గొంతు పెంచకుండా.

"మా గుంపు పెద్ద ఒకాయన తన భార్యను మీ పట్నంల ఒక దవాఖానకు తెచ్చి, గేటు కాడ మూడు దినాలు నిలబడ్డడు. ఆమె మొదటి రాత్రే చనిపోయింది. లోపలి సంగతి బయటికి, బయటి సంగతి లోపలికి చెప్పే మనిషి ఆడ లేకుండె. అసొంటి మనిషి పని మీ బడిల నేర్పుతరని చదివిన. అది నేర్చుకోనీకి వస్తున్న."

చదవడం అయిపోయింది. ఎవరు చెప్పారని ఆయన అడుగుతాడనుకున్నాను. హన్మమ్మ గతి ఏమవుతుందో అని నాకు భయం వేసింది. ఆయన ఎవరి పేరూ అడగలేదు. భుజం మీది తువ్వాలు తీసి తడి కాళ్లు తుడుచుకున్నాడు. పుష్పమ్మ తగ్గలేదు. అట్లాగే నిలబడి ఉంది.

"మూడు గాదు బిడ్డ" అన్నాడు చివరికి. "నాలుగు. హన్మమ్మ మూడు దినాలు వచ్చింది. నాలుగోనాడు రాలే. నేనున్న."

పుష్పమ్మ అరుగు మీద ఆయన పక్కన కూర్చుంది. కాగితం మోకాలి మీద పెట్టుకుని, మూడు కొట్టేసి నాలుగు అని రాసింది. మోకాలి మీద రాయడంతో ఆ ఒక్క మాట వంకర పోయింది. మళ్లీ రాయబోతే ఆయన వద్దన్నాడు. వేలిముద్ర యాడ వెయ్యాలని అడిగి, ఎడమ చేయి చాచాడు. మట్టి మోసి మోసి ఆ బొటనవేలి మీద గీతలు అరిగిపోయి ఉన్నాయి. సిరా బుడ్డి మూత నేను తీశాను.