పీపీ నంబరు మేడం

నిన్న వంటింట్లో మసాలా దినుసుల డబ్బా చెయ్యి జారి నేలంతా లవంగాలు చెల్లాచెదురయ్యాయి. ఏరుకుందామని వంగానే గాని, ఆ ఘాటు ముక్కుకు తగలగానే ఎస్తేరు మేడం గుర్తొచ్చి అలాగే కూర్చుండిపోయాను. పాఠాలు చెప్పీ చెప్పీ గొంతు పాడైందని ఆమె బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. వెనక వచ్చి నిలబడితే అడుగుల చప్పుడు కంటే ముందు ఆ వాసనే తెలిసేది. మేడం పోయి ఏడాది దాటింది. నాకింకా ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు.

ఆమె నంద్యాలలో ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. చుట్టుపక్కల కాలేజీలకు ప్రాక్టికల్ ల్యాబులు తయారుచేసి ఇవ్వడం అక్కడి పని. దొర్నిపాడు పక్క పల్లె నుంచి డిగ్రీ పట్టుకుని వెళ్ళిన నన్ను చేర్చుకున్నారు గానీ, "మొదటి ల్యాబు నువ్వే నిలబెట్టాల. నిలబడితే ఉంటావు, లేకుంటే ఊరికి పోతావు" అని మొదటిరోజే చెప్పేశారు. మెత్తగా చెప్పడం ఆమెకు చేతకాదు. అక్కడ మా నాయన అప్పటికే "చదివింది చాల్లే, మిరపకాయల కోతకు మనుషులు దొరకడంల్యా" అని మొదలుపెట్టి ఉన్నాడు. మిరపచేను మీద నాకు కోపమేమీ లేదు. కానీ ఆ ఉద్యోగం నాకు కావాలి, ఎట్లాగైనా కావాలి.

మేడం మన కీబోర్డు ముట్టుకునేవారు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. "నేను చేస్తే నేను నేర్చుకున్నట్టు. నాకు వచ్చు గదా, మళ్ళీ నాకెందుకు?" అనేవారు. నెట్‌వర్క్ గురించి ఏం అడిగినా ఆమె ఎదురు అడిగేది ఒకటే: "పోయేది సరే, తిరిగొచ్చే దావ యాడుంది?" మొదట్లో ఈ ప్రశ్నకు నాకు ఒళ్ళు మండేది. అడిగినదానికి తిన్నగా చెబితే ఏం పోయింది ఈమెకు, అనుకునేదాన్ని.

నా మొదటి ల్యాబు ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు కాలేజీకి. క్లౌడ్‌లో, అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీ దగ్గర ఇంటర్నెట్ మీదుగా, ఒక పెద్ద మిషన్ అద్దెకు తీసుకుని, దాని కడుపులో విద్యార్థులకు తలా ఒక చిన్న మిషన్ పెట్టాలి. కళ్ళకు కనపడే పెట్టెలు కావవి, అంతా సాఫ్ట్‌వేర్ మాయ. ఆ చిన్న మిషన్లకు ఇంటర్నెట్ అందితేనే పిల్లలు కావలసినవి దించుకుని పని నేర్చుకోగలరు. నంద్యాల సెంటర్లో మా సొంత కంప్యూటర్ మీద ముందే చేసి చూసుకున్నాను. చిన్న మిషన్లను నేరుగా మా ఇంటర్నెట్ లైనుకు కలిపేస్తే, మా రూటర్ అడిగినదానికల్లా ఒక అడ్రస్ ఇచ్చి బయటికి పంపింది. క్లౌడ్‌లోనూ ఇంతే కదా అనుకుని, మేడంతో కలిసి ధీమాగా ఆళ్లగడ్డ బస్సెక్కాను.

కాలేజీ పక్కనే రాతిశిల్పాలు చెక్కే షెడ్లు. కిటికీ మూసినా ఉలుల చప్పుడు ఆగదు, బల్లల మీద తెల్లటి రాతిపొడి. పెద్ద మిషన్‌కు ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. లోపలి చిన్నవాటికి చుక్క కూడా దిగడం లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వనట్టుంది పరిస్థితి. అడ్డుగోడలేమైనా ఉన్నాయేమోనని అన్నీ తెరిచాను, అన్నీ ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఏదీ పలకలేదు. ఇంతలో కాలేజీ కరస్పాండెంట్ లోపలికొచ్చాడు.

"ఏంది మేడం, వస్తాండాదా లేదా? సోమవారం ప్రాక్టికల్స్ పెట్టుకోని ఈ ఆటలేంది? ఎవురు చేసినారు ఇది?" అంటూ నా వైపు చూశాడు.

ఇక మిరపచేనే అనుకున్నాను.

"నేనే చేసినా సార్. మధ్యాహ్నానికి అయితాది" అన్నారు మేడం.

"కాకుంటే వేరేవాళ్ళకిచ్చుకుంటా, మళ్ళీ ఏమనుకోవద్దండి" అని ఆయన వెళ్ళిపోయాడు.

మేడం నా వెనకకొచ్చి చేతులు కట్టుకున్నారు. "పోయేది పోతాందా?"

"పోతాంది మేడం. జవాబే రావడంల్యా."

"ఏ అడ్రస్ మీద పోతాంది?"

"చిన్న మిషన్‌దే, నేను పెట్టిందే."

"ఆ అడ్రస్ క్లౌడ్ వాళ్ళకు తెలుసునా?"

నేను తెర మీద ఆ అడ్రస్‌ను మళ్ళీ చదివాను. మేడం లవంగాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చారు. "పీపీ ఫోనంటే తెలుసా నీకు? యాడ తెలుస్తాది, సెల్లు పట్టుకోని పుట్టినోళ్ళు. మా సందుకంతా ఫోను మా ఇంట్లో ఒగటే. అందరూ చుట్టాలకు మా నంబరే ఇచ్చి పక్కన పీపీ అని రాసేవాళ్ళు. ఫోనొస్తే మా యమ్మ ఎవురికో కనుక్కోని, గడపలో నిలబడి పేరు పెట్టి కేకేసేది. ఫోను లేనామె తన ఇంటి డోరు నంబరిస్తే దానికి ఫోను ఎవురు చేస్తారు చెప్పు?"

అప్పుడు వెలిగింది నాకు. మా సెంటర్లో రూటర్ కొత్త మొహాలన్నిటినీ రానిచ్చింది. క్లౌడ్ అట్లా కాదు, తాను ఇచ్చిన అడ్రస్ తప్ప ఇంకొకటి కనపడితే గేటు దగ్గరే పారేస్తుంది. నేరుగా కలపడం మానేసి, చిన్న మిషన్లన్నిటినీ పెద్దదాని వెనక చేర్చాను. వాటి మాటల్ని ఆపకుండా ముందుకు పంపమని పెద్దదానికి ఒక ఆదేశం ఇచ్చాను. పంపేటప్పుడు తన అడ్రస్ వేసి, అడిగిందెవరో గుర్తుపెట్టుకుని, జవాబు రాగానే వాళ్ళకే అందించమని ఇంకొక ఆదేశం ఇచ్చాను. ఒక చిన్న మిషన్ నుంచి బయటికి పలకరింపు పంపాను. జవాబు వచ్చింది. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి. "వచ్చె మేడం!" అని నేను అరిచిన అరుపుకు పక్క షెడ్లో ఉలి ఆగింది.

మధ్యాహ్నం పిల్లలంతా పని చేసుకుంటుంటే కరస్పాండెంట్ బల్లల మధ్య తిరిగి చూశాడు. "మీ చెయ్యి పడితే ఇంక తిరుగుండదు మేడం. వచ్చే ఏడు కూడా మీకే" అన్నాడు.

"నా చెయ్యి కీబోర్డు మీద పడనేలేదు సార్. చేసింది ఈమె, పద్మ. వచ్చే ఏడు ఏం కావాలన్నా పద్మకే ఫోన్ చేయండి."

ఆయన నన్ను మళ్ళీ చూశాడు. ఈసారి జేబులోంచి ఫోన్ తీసి నా నంబరు అడిగాడు. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నంద్యాల బస్సులో ఉండబట్టలేక అడిగాను. "పొద్దున తప్పు నాదైతే మీ పేరెందుకు చెప్పినారు మేడం?"

"నీ పేరు ఆయనకు అప్పటికి తెలీదు గదమ్మే. తెలీని పేరు గేటు దాటదు."

"మరి మధ్యాహ్నం మీకే వచ్చింది గదా మెప్పు. పెట్టుకోవచ్చు గదా?"

మేడం కిటికీలోంచి చూపు తిప్పకుండా అన్నారు. "ఎవురికి వచ్చిన ఫోను వాళ్ళకియ్యకపోతే పీపీ అంటారా? దొంగ అంటారు."

ఇప్పుడు ఆ రెండు గదులూ నేనే చూసుకుంటున్నాను. నా దగ్గర పని చేసే ఆడపిల్లలు నలుగురు. ఏ కాలేజీవాళ్ళో కోపంగా ఫోన్ చేస్తే "నేనే చేసినా సార్" అంటాను, తిట్లు నాతోనే ఆగిపోతాయి. బాగుందని చెప్పడానికి చేస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగమని, గది గుమ్మంలోకి వెళ్ళి, చేసినామెను పేరు పెట్టి గట్టిగా కేకేస్తాను.