ముందర గదిలో కట్టిన విమానం

మార్కాపురంలో మా ఇంటికి ముందర గది ఒకటుంది. వెలుతురు బాగా పడే గది. పెళ్లయిన కొత్తలో దాన్ని మా ఆవిడ కుట్టుమిషన్‌కి ఇస్తానని మాటిచ్చాను. ఇచ్చి, అందులో విమానం కడుతూ కూర్చున్నాను.

నేను బోరు మోటార్లకు వైండింగ్ చేసి బతికేవాణ్ణి. మా పక్క భూముల్లో నీళ్లు అందక కాలిపోయిన మోటార్లను బతికించి, మళ్లీ కాలిపోవడానికి పంపించడం నా వృత్తి. ఇంతటి ఘనమైన అనుభవం ఉన్నవాడికి, గుప్పిట్లో పట్టే మోటారుతో ఒక చిన్న విమానాన్ని లేపడం ఎంతసేపు? చేతిలో రిమోటు, పైన విమానం, కింద నోళ్లు తెరుచుకుని జనం. ఫోన్లో వీడియోలన్నీ చూశాను. వాటిల్లో పచ్చగడ్డి మైదానాలే తప్ప కంపచెట్టు ఒక్కటీ కనిపించలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

నేను ఎంచుకున్నది ట్రైనర్ రకం. రెక్క వీపు మీద ఉంటుంది, నిదానంగా పోతుంది, కొత్తవాడు తప్పు చేసినా ఓర్చుకుంటుందట. అంత ఓర్పు మా ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా నేను చూడలేదు. ముక్కలన్నీ కోసిపెట్టి డబ్బాలో అమ్ముతారు, కొనుక్కుని అతికించుకోవచ్చు. మరి నా పౌరుషం ఏమైపోవాలి? అంతా నేనే కోస్తానని ఫ్లెక్సీ దుకాణానికి పోయి, అచ్చు చెడిపోయిన ఫోమ్ షీట్లు తెచ్చాను. వాటి మీద ఎవరో నాయకుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు ఉన్నాయి. రెక్క కోసేసరికి ఆయన మీసం ఎడమ పక్కకు, నమస్కారం పెడుతున్న చేతులు కుడి పక్కకు వచ్చాయి. విమానానికి ఇంతకన్నా అందం ఏం కావాలని నేనైతే మురిసిపోయాను.

మొదటి రెక్క ఎండకు వంకర తిరిగింది. రెండోదాన్ని గ్లూ గన్నుతో నేనే కరిగించాను. ఈలోగా మా ఆవిడ వసారాలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుండేది. గాలొస్తే దుమ్ము, వానొస్తే జల్లు. కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్లు రోడ్డు మీద పోయేవాళ్ల ముందు చేతులు చాపి నిలబడాలి. అట్ల సిగ్గుపడి కొందరు రావడం మానేశారు. ఒకరోజు ఆమె కత్తెర పక్కన పెట్టి లోపలికొచ్చింది. నా మేనమామ కూతురే కాబట్టి పెళ్లికి ముందూ తర్వాతా నన్ను బావా అనే పిలుస్తుంది.

"బావా, తేల్చుకుందాం. వచ్చే ఆదివారం మా నాయన చేలో ఎగరేయి. ఎగిరితే గది నీది, నేను మళ్ల నోరెత్తను. పడితే మాత్రం సాయంత్రానికల్లా నా మిషన్ ఈ కిటికీ కాడ ఉండాల."

"ఎగరకపోతే కదా!" అన్నాను. అంత ధీమాగా నేను పెళ్లిలో కూడా మాట్లాడలేదు.

మధ్యలో మా మామ పెద్దారవీడు నుంచి ఏదో పనిమీద వచ్చాడు. గొర్రెలు, కంది చేను, వీటి మధ్య నా విమానం కోసం కూడా కాస్త తీరిక చేసుకుని చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది చేనుకు మందు కొడతాదా అల్లుడా? ఆ డ్రోన్ల మాదిరి?"

"కొట్టదు మామా."

"పోనీ వీడియో తీస్తాదా?"

"తీయదు."

"మరేం చేస్తాది?"

"ఎగురుతాది."

"ఎగిరి?"

ఆయన జాలిపడి తలూపి, కాఫీ తాగి పోయినాక కూడా ఆ "ఎగిరి?" గదిలోనే ఉండిపోయింది.

విమానానికి ప్రాణమంతా బ్యాలెన్స్‌లో ఉంటుంది. రెక్క కింద రెండు వేళ్లు ఆనించి లేపితే ముక్కు కాస్త కిందికి వాలాలి. తోక బరువెక్కిందా, ఇక దేవుడు కూడా దించలేడు. అందుకని విమానం పొట్టగా చేసిన ఫోమ్ డొల్లలో ముక్కు దగ్గర బ్యాటరీ పెట్టి, పైన మూత చేసి, ముందుకూ వెనక్కూ జరిపి జరిపి నిలబెట్టాను. మూతకు రబ్బరు బ్యాండు వేశాను. జిగురు కూడా చూసి చూసి పూశాను.

శనివారం నాడు మా ఆవిడ అమ్మవారి గుడి నుంచి కుంకుమ అద్దిన నిమ్మకాయ తెచ్చింది.

"కొత్త బండి గదా బావా. చక్రాల కింద పెట్టి తొక్కిద్దాం."

ఆ చక్రాలు అట్టముక్కలు. నిమ్మకాయ తొక్కితే నిమ్మకాయకు ఏమీ కాదు. "ఇదేమన్నా ట్రాక్టరా?" అని మొదలుపెట్టి, సైన్సు గురించి, బరువు గురించి, మూఢనమ్మకాల గురించి పెద్ద ఉపన్యాసం దంచాను. వేదిక లేదు, మైకు లేదు, శాలువా కప్పేవాళ్లు అసలే లేరు. ఆమె అంతా విని, "సరేలే బావా" అంది. గెలిచాననుకున్నాను.

ఆదివారం మామ ఇంట్లో దోసెలు తిని చేలోకి పోయాం. కంది కోసేసిన నేల, అవతల నల్లమల. ఊళ్లో పనిలేని వాళ్లంతా వచ్చారు, పనున్నవాళ్లు కూడా వచ్చారు. పొద్దున ఇంట్లో బ్యాలెన్స్ చూశానుగా, ఇంతమంది ముందు మళ్లీ వేళ్ల మీద పెట్టి చూడ్డమేంటని ఊరుకున్నాను. నా రెండు చేతులూ రిమోటు మీద ఉండాలి కాబట్టి విసరడానికి మా ఆవిణ్ణే పిలిచాను. ఆమె విమానాన్ని కళ్లకద్దుకుంది. మీసానికా, దండానికా అని ఎగతాళి చేశాను కూడా.

విసిరింది. అబ్బ, ఏం విసురు! విమానం నేలకు సమానంగా గీత గీసినట్టు పోయింది. గొర్రెలు చెదిరాయి. "పోయినాది, పోయినాది!" అని మామ పైపంచె ఊపాడు. సంతోషం పట్టలేక, ముక్కు కొంచెం పైకెత్తమని రిమోటు మీది కర్ర లాగాను.

ఎత్తింది. ఎత్తి ఇక ఆపలేదు. దించమంటే దించదు. నిట్టనిలువునా నిలబడి, క్షణం ఆలోచించుకుని, వెనక్కి వాలి, ఊరందరి ఎదుట ధబ్బున పడింది.

అందరికన్నా ముందు నేనే పరిగెత్తాను. డొల్ల రెండుగా విరిగింది. తోక వైపు ముక్క ఎత్తేసరికి అందులోంచి నిమ్మకాయ దొర్లి పడింది. కుంకుమ ఇంకా అట్లే ఉంది.

నేను దోసెలు తింటుండగా మా ఆవిడ మూత తీసి దీన్ని బ్యాటరీ వెనకాల పెట్టిందన్నమాట. సమంగా పోయినంతసేపూ అది అక్కడే బుద్ధిగా ఉంది. ముక్కు లేవగానే తోకలోకి దొర్లింది. వెనక్కి తిరిగి చూశాను. ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని పరిగెత్తుకొస్తోంది, కళ్లలో నీళ్లు. ఆ నీళ్లు చూశాక నాకు బుర్ర పనిచేసింది. ఇది పడితే గది ఆమెది. ఊరికే ఉంటే చాలు. అయినా ఎగరాలని దేవత దగ్గరికి పోయి, నా ఉపన్యాసం భరించి, దొంగతనంగా దాన్ని లోపల పెట్టింది. నా జన్మలో నా కోసం ఎవరూ ఇంత నష్టానికి మొక్కుకోలేదు.

నిమ్మకాయ జేబులో వేసుకున్నాను.

"ఏంది బావా, ఏమైంది?"

"ఎక్కువ లాగినా. నా చేతిదే తప్పు."

"అట్ల నిలువునా ఎవురు లేపమన్నారు అల్లుడా!" అని మామ అందుకున్నాడు. ఊరంతా నాకు విమానం నడపడం నేర్పింది. బుద్ధిగా తలూపాను.

సాయంత్రానికి మిషన్ కిటికీ దగ్గర పెట్టాను. గదిలో కొలతలు, నవ్వులు, గుడ్డపేలికలు. విరిగిన రెక్క మాత్రం ఆమె పారేయనివ్వలేదు, గోడకు ఆనించింది. కొన్నాళ్లు పోయాక ఒక మధ్యాహ్నం తొక్కుతున్న మిషన్ ఆపి అంది.

"ఈ కటింగ్ బల్ల కింద చోటు ఉంది బావా. మళ్ల కట్టుకో."

"నిజంగానా?"

"ఊఁ. ఒకటి చెప్తా, కోప్పడొద్దు. ఆ పొద్దు నేను లోపల నిమ్మకాయ పెట్టినా. దాని పుణ్యానే ఆ మాత్రమన్నా ఎగిరింది. ఈసారి రెండు పెడతా."

నా నోట్లో సైన్సు మొత్తం ఒక్కసారి మెదిలింది. మింగేశాను.

"పెట్టు. కాకుంటే నేను చెప్పిన కాడ పెట్టాల."

కొత్త విమానానికి ముందుగా ముక్కు గీశాను. అందులో బ్యాటరీకి ఒక గూడు, దాని ముందర రెండు నిమ్మకాయలు కదలకుండా పట్టే గూడు.