పదమూడో వాటా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అరకు దగ్గర ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో ఆటల టీచరుగా చేసిన ఆ తొమ్మిదేళ్లూ నా విజిల్ కంటే నా అరుపే ముందు వినబడేది. అలాంటి నన్నే హడలెత్తించిన పిల్ల ఒకతి ఉండేది. తొమ్మిదో తరగతి. కబడ్డీలో కూతకు వెళ్తే ఇద్దరినైనా అవుట్ చేసిగానీ తిరిగొచ్చేది కాదు. కానీ పక్కవాళ్లు పట్టు వదిలేస్తే చాలు, "మీ సేతులు అన్నం తినడానికేటి!" అని మట్టి విసిరికొట్టి బయటకొచ్చి కూర్చునేది. అలిగి రెండుసార్లు రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని కొండెక్కి ఊరికి వెళ్లిపోయింది కూడా. మూడోసారి వెళ్తే పేరు కొట్టేస్తామని మా పెద్ద మేడం తేల్చి చెప్పేసింది.

పాడేరు పోటీలకు జట్టు కట్టే రోజున ఆ పిల్లే కెప్టెన్ అన్నాను. మిగతావాళ్లు లబోదిబోమన్నారు.

"ఆ గుంట మమ్మల్ని తిట్టి సంపేత్తాది మేడం!"

ఆ పిల్లకీ ఇష్టం లేదు. "నాకొద్దు మేడం. ఓడిపోతే అందరూ నన్నే అంటారు."

"నిన్ను కాదు, నన్నంటారు. నోర్మూసుకుని ఒప్పుకో," అన్నాను.

జట్టు బాధ్యత నెత్తిన పడితే ఆ పిల్ల కాలు బడిలో నిలుస్తుందేమోనని నా ఆశ. ఊరికి వెళ్లిపోతే మళ్లీ పుస్తకం ముట్టదని నా భయం. నిజం చెప్పొద్దూ, ఆ పిల్లంటే నాకు ప్రాణం. అది మాత్రం ఒక్కనాడూ పైకి చెప్పలేదు.

కెప్టెన్ అయ్యాక ఆ పిల్ల తిట్టడం మానలేదు గానీ, తిట్టాక దగ్గరికెళ్లి పట్టు ఎలా వెయ్యాలో చూపించడం మొదలుపెట్టింది. నాకు అదే చాలు.

పాడేరులో ఆఖరి ఆట. విరామానికి నాలుగు పాయింట్లు ముందున్నాం. అప్పుడు మా కెప్టెన్ బాగా ఆడుతున్న ముగ్గురిని కూర్చోబెట్టి, అప్పటిదాకా ఏ ఆటలోనూ అడుగుపెట్టని ముగ్గురిని దింపింది.

"ఏటే, ఏటి సేత్తన్నావు? మతిపోయిందా?" అని గీత అవతల నుంచి కేకేశాను.

"మా ఊళ్లో వేటకెల్లొస్తే ఆకులేసి ఇంటికో వాటా పెడతారు మేడం. ఎల్లనోళ్లకీ, ముసిలోళ్లకీ అందరికీ ఒకటే. ఈళ్లూ మాతో పొద్దున్నే లెగిసి పరిగెట్టారు కదా. ఈళ్లకీ వాటా ఉండాల."

"ఇది వేట కాదే, పోటీ!"

అప్పటికే కోర్టులోకి వెళ్లిపోయింది.

రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆ పిల్ల మట్టి విసరలేదు, అలగలేదు. నేనే విజిల్ నేలకేసి కొట్టి, "నీ మొహం నాకు చూపించకు, ఫో!" అని అటు తిరిగి కూర్చున్నాను.

కాసేపటికి చూస్తే ఆ పిల్ల లేదు. మైదానం బయట కొండ ఊళ్లకు వెళ్లే జీపులు వరసగా ఉన్నాయి. చెప్పుల్లేకుండానే పరిగెత్తి ప్రతి జీపులోనూ తొంగిచూశాను. ఎవర్ని అడిగినా చూడలేదన్నారు. ఈసారి తరిమింది నేనే కదా అని ఏడుపొచ్చింది.

కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి పిల్లలంతా గోడవార వరసగా కూర్చున్నారు. మధ్యలో ఆ పిల్ల. బడి నుంచి తెచ్చుకున్న ఉడకబెట్టిన శనక్కాయల్ని అడ్డాకుల మీద కుప్పలు పెడుతోంది.

"ఎక్కడికెళ్లావే? ఇంటికెళ్లిపోయావనుకున్నాను!"

"ఆకుల కోసం సంత ఈదికెల్లాను. కెప్టెన్ని కదా మేడం, ఈళ్లనొగ్గేసి ఎలాగెల్తాను?"

పన్నెండు మంది పిల్లలు. ఆకులు పదమూడు. ఆఖరి ఆకును రెండు చేతులా ఎత్తి నా ముందుకు పట్టుకొచ్చింది.

"అలిగినోళ్లకీ వాటా ఉంటాది మేడం. బేగి తినీండి, బస్సెల్పోద్ది."

ఆకు అందుకుని, గోడవార ఆ పిల్ల పక్కనే కూర్చున్నాను.